రైటరమ్మ రాయని మాట

నాకు ఏడుపు రాదు. ఇది గొప్పగా చెప్పుకునే సంగతీ కాదు, సిగ్గుపడే సంగతీ కాదు. స్టేషన్‌లో రైటరు పనికి కుదిరిన కొన్నాళ్లకు ఆగిపోయింది, బోరు ఎండిపోయినట్టు. మా మేనమామ పోయినప్పుడు నేను అత్త పక్కన కూర్చుని, ప్రాణం పోయింది ఎప్పుడు, మొదట చూసింది ఎవరు, అప్పుడు ఇంట్లో ఎవరెవరున్నారు అని అడిగాను. అడుగుతున్నానని నాకే తెలియలేదు. మా అమ్మ నన్ను పక్కకు తీసుకెళ్లి, "రాయివైనవ్ బిడ్డా, గిది ఠాణా అనుకున్నవా?" అంది. ఆమె అన్నది తప్పేమీ కాదు.

రైటరంటే కథలు రాసేవాళ్లనుకునేరు. పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదులు, వాంగ్మూలాలు, శవ పంచనామాలు రాసే కానిస్టేబుల్‌ని రైటరంటారు. శవం ఎక్కడుంది, ఎలా పడి ఉంది, ఎలా పోయాడని నలుగురు పెద్దమనుషులు అనుకుంటున్నారు, ఇవన్నీ రాసి వాళ్ల చేత సంతకాలు పెట్టించాలి. మా స్టేషన్ నకిరేకల్ దాటాక హైవే మీద ఉంది. హైవే స్టేషన్‌లో రైటరుకు చేతినిండా పని ఉంటుంది, ఎందుకో విడమరిచి చెప్పనక్కర్లేదు.

నేను చదివింది బి.ఏ. హిస్టరీ. మాది ఆలేరు దగ్గర పల్లె, ఎవుసం చేసుకునే ఇల్లు. నల్లగొండ కాలేజీలో నాకు దొరికిన సీటు అది. ఇష్టపడి తీసుకున్నానంటే అబద్ధం. మా బాపు మాత్రం ఆ మాట విని మంచం మీద నుంచి లేచి కూర్చున్నాడు. "సచ్చిపోయిన రాజుల సంగతి సదివితే బతికున్నోళ్లు కూడు పెడ్తరా?" అన్నాడు. పెట్టారు బాపూ. నేను ఈ రోజుకూ చచ్చినవాళ్ల సంగతి రాసే కూడు తింటున్నాను. వాళ్లు రాజులు కారు, అంతే తేడా.

కాలేజీలో హిస్టరీ చెప్పే సారు ఒకరే ఉండేవారు. పాత స్కూటరు మీద వచ్చేవారు, చొక్కా జేబు మీద ఎప్పుడూ సుద్ద మరక ఉండేది. తెలంగాణ వచ్చిన కొత్తలో మా క్లాసు పిల్లలంతా గ్రూప్స్ రాస్తామని బిట్లు బట్టీ పడుతుంటే ఆయన బిట్లు చెప్పేవారు కాదు. "ఎవలు జూసిన్రు? ఎవలు ఎవలకు చెప్పిన్రు? ముందుగాల గీ రెండు అడుగున్రి. సంవత్సరాలు తర్వాత నేర్చుకోవచ్చు" అనేవారు. మాకు ఒళ్లు మండేది. పరీక్షలో వచ్చేది సంవత్సరాలే కదా.

ఒకసారి సెలవుల్లో మీ ఊరి సంగతి ఒకటి పదిమందిని అడిగి రాసుకు రమ్మన్నారు. మా ఊళ్లో దొరల పాత గడీ ఉంది, దాని ఒక గోడ కూలి ఉంటుంది. దళం వాళ్లు మందుపెట్టి పేల్చారని ఊరంతా చెబుతుంది. నేనడిగిన వాళ్లందరూ అదే చెప్పారు, మాట కూడా మారలేదు. నీకెవరు చెప్పారని ఒక్కొక్కరినీ వెనక్కి అడుగుతూ పోతే అందరూ ఒకే మనిషి దగ్గరికి వచ్చి ఆగారు. చావడి దగ్గర కథలు చెప్పి ఎప్పుడో పోయిన ఒక ముసలాయన. అప్పట్లో గడీలో చాకిరీ చేసిన ఒక అవ్వ మాత్రం, "వానకు వడ్డది బిడ్డా, మూడు దినాల ముసురు" అంది. ఎందుకు చెప్పలేదవ్వా ఇన్నాళ్లు అంటే, "నన్నెవలడిగిన్రు?" అంది. సారు నా కాగితాలు చదివి నవ్వలేదు, మెచ్చుకోలేదు. "పదినోళ్లు ఒక్క తీరుగ మాట్లాడితె పదిమంది అనుకోకు, ఒక్కడే అనుకో" అన్నారు. నాకు కాలేజీ నుంచి మిగిలింది ఆ ఒక్క మాటే. మిగతావి పరీక్షల్లో రాసేసి వదిలేశాను.

గ్రూప్స్ రాలేదు. కానిస్టేబుల్ పరుగు పందెం నెగ్గాను. స్టేషన్‌లో చేరిన రోజు ఎస్సై సారు ఏం చదివావని అడిగారు. చెప్పాను. "అయితే రాసుడు వస్తది గదా" అని రైటరు బల్ల చూపించారు. నా చరిత్ర చదువుకు దొరికిన గౌరవం అంతే.

పంచనామా రాయడానికి కొత్త మాటలు అక్కర్లేదు. పాత పంచనామా ముందు పెట్టుకుని పేరు, ఊరు మారిస్తే సరిపోతుంది. అతివేగంగా, అజాగ్రత్తగా అని ఒక వరస ఉంటుంది. రోడ్డు దాటుతూ పోయినవాడికి ఇంకో వరస ఉంటుంది: మద్యం మత్తులో తూలుతూ రోడ్డు దాటుచుండగా. చచ్చినవాడి కళ్లు చారెడంత అంటారు కదా, ఊళ్లో ఎంత చెడ్డవాడైనా పోయాక మంచివాడైపోతాడు. హైవే మీద ఆ సామెత చెల్లదు. ఇక్కడ పోయినవాడిదే తప్పు. బతికున్నవాడు లాయరును పెట్టుకుంటాడు, పోయినవాడు ఏం పెట్టుకుంటాడు?

పత్తి ఏరే కాలంలో ఒక పొద్దున ఫోను వచ్చింది. మా స్టేషన్ దగ్గరి ఒక ఊరి ముందు, ఒక పెద్దాయనను కారు కొట్టింది. ఆ ఊరు రోడ్డుకు ఇవతల, చేలు అవతల. మధ్యలో దాటడానికి ఇదివరకు ఒక సందు ఉండేది, ప్రమాదాలు జరుగుతున్నాయని దాన్ని మూసేశారు. అండర్‌పాస్ బాగా దూరం. కాళ్లున్నవాళ్లు డివైడరు మీది గన్నేరు చెట్ల మధ్య నుంచి దూరి దాటుతారు. ఈయన కూడా అలాగే దాటాడు.

మేం వెళ్లేసరికి ఆయనను రోడ్డు పక్కన పడుకోబెట్టి తువ్వాలు కప్పారు. కారాయన పారిపోలేదు, అంబులెన్సుకు ఫోను చేసింది ఆయనే. గాలిలో కల్లు వాసన కొడుతోంది. టీ హోటల్ ఆయన, పంక్చర్లు వేసే ఆయన, బస్సు కోసం నిలబడ్డ ఇద్దరు, అందరూ ఒకటే మాట. "ఫుల్లు తాగిండు మేడం. తూలుకుంటొచ్చిండు."

ఎస్సై సారు, "రాసుకో" అన్నారు. నేను పెన్ను తీశాను కానీ, నా నోట్లోంచి మా హిస్టరీ సారు మాట వచ్చింది. పంక్చరాయనను, "నువ్వు జూసినవా?" అని అడిగాను. "నేను టైరు ఇప్పుతున్న మేడం, హోటలాయన చెప్పిండు." బస్సు కోసం వచ్చిన ఇద్దరూ అయ్యాక వచ్చినవాళ్లు. హోటలాయన పాలు పొయ్యి మీద పెట్టి లోపల ఉన్నాడు, చప్పుడు విని బయటికొచ్చాడు. మరి తూలాడని నీకెట్ల తెలిసింది అంటే కారాయన వైపు చెయ్యి చూపించాడు. కారాయన రాయి మీద కూర్చుని ఉన్నాడు. "తూలడం నేను చూడలేదు మేడం. చెట్ల మధ్య నుంచి ఒక్కసారే వచ్చాడు. ఎత్తుతుంటే వాసన వచ్చింది. తాగి ఉంటాడేమో అన్నాను" అన్నాడు. ఆ 'ఏమో' హోటల్ దాకా పోయేసరికి ఊడిపోయింది. పంక్చర్ షాపు దాకా పోయేసరికి తూలుడు కలిసింది. మా ఊరి గడీ గోడే మళ్లీ.

గన్నేరు చెట్లలో వెతికాను. రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసా దొరికింది, అడుగున పగిలి కల్లు సగానికి పైగా కారిపోయింది. మూత మాత్రం బిగించే ఉంది. పక్కనే చిన్న గుడ్డ మూటలో ఉడకబెట్టిన అలసంద గుడాలు. ఆ మూటకే తాటాకు రేక ఒకటి మడిచి కట్టి ఉంది. పల్లెలో పుట్టినదాన్ని, ఆ రేకను చూస్తే నాకు తెలుస్తుంది. తాటిచెట్ల దగ్గర తాగేవాడు రేకలో పోయించుకుని తాగి అక్కడే పారేస్తాడు. రేకను మడిచి మూటకు కట్టుకుని పోయేది ఎవరికోసమో పోతున్నవాడు.

ఎస్సై సారుకు చూపించాను. ఆయన సీసాను అటూ ఇటూ తిప్పి చూశారు. "తాగినోడు ఇంకింత తీస్కపోతుండచ్చు" అన్నారు. కావచ్చు, కాదనడానికి లేదు.

దవాఖానలో శవాల గది బయట ఆయన భార్యను చూశాను. పత్తి చేను నుంచి అట్లాగే వచ్చేసింది, ఒడికి కట్టుకున్న గుడ్డసంచిలో ఏరిన పత్తి ఇంకా ఉంది. కొడుకు పక్కనే గోడకు ఆనుకుని నిలబడ్డాడు. దగ్గర్లోని ఏదో కంపెనీలో పని చేస్తాడట, కంపెనీ చొక్కా మీదే వచ్చాడు. ఎస్సై సారు ఆమెను, "అమ్మా, మీ ఆయన తాగేటోడా?" అని అడిగారు. ఆమె తల ఎత్తలేదు. "తాగేటోడు సారూ."

"అయిపాయె" అన్నారు సారు.

కొడుకు మొహం తిప్పుకున్నాడు. "ఎన్నిసార్లు మొత్తుకున్ననో సార్, కల్లు బందుజేయే అని. తాగి రోడ్డు మీద వడి సచ్చిండు. రేపు ఊళ్లె ఏం మొఖం పెట్టుకొని తిరగాలె?" తండ్రి పోయిన గంటకు వచ్చిన మాట అది. ఆమె విన్నది. విని ఒడిలోని పత్తిని చేత్తో నొక్కుకుంటూ కూర్చుంది.

కాసేపటికి ఆమె మొహం కడుక్కోవడానికి నల్లా దగ్గరికి వెళ్లింది. నేనూ వెళ్లాను. జాలితో కాదు. నాకు ఒక జవాబు కావాలి. "అవ్వా, కల్లు ఎవలకు తీస్కపోతుండె?" అన్నాను.

ఆమె నల్లా కట్టేసింది. చాలాసేపు కొంగుతో మొహం తుడుచుకుంది, తుడిచిన చోటే మళ్లీ తుడిచింది. "నాకే బిడ్డా" అంది. "నిన్నటి సంది నడుము వట్టుకుంది. వంగి పత్తి ఏరస్తలేదు. రెండు రేకలు తాగితె పని సాగుతదని నేనే తెమ్మన్న. దారి మూసిన్రు, గంత దూరం ఎవలు నడుస్తరే, రేపు తెస్తతియ్ అన్నడు. రేపు తెస్తె నా నడుము ఇయ్యాల వంగుతదా అన్న. నేనే ఎల్లగొట్టిన."

అప్పుడు నాకు ఏమనిపించిందని అడిగితే చెప్పడానికి ఏమీ లేదు. రేక సంగతి నేను అనుకున్నదే నిజమైంది అనుకున్నాను. అంతే.

"గది రాయకు బిడ్డా" అంది ఆమె. "నా కొడుకు నన్ను ఇంట్ల ఉండనియ్యడు."

"మరి తాగి పోయిండని రాస్తె?"

"రాయి. ఆయన ఇనొస్తడా?"

మొగుడి మీద ఆ మచ్చ ఉన్నా పర్వాలేదు, తన మాట బయటికి రాకూడదు. ఆమెను తప్పు పట్టాలని నాకు అనిపించలేదు. ఆయన ఇంక ఎవరితోనూ బతకనక్కర్లేదు, ఆమె బతకాలి. కానీ నాకు తెలిసి కూడా తూలుతూ దాటాడని రాయడం నా చేతకాదు. తెలియనిది రాయొద్దని హిస్టరీ సారు నేర్పారు. తెలిసినది రాయకుండా ఉండొచ్చా అని నేను కాలేజీలో అడగలేదు. అడగాలని అప్పుడు తోచలేదు.

చివరికి చూసిందే రాశాను. పగిలిన సీసా, బిగించిన మూత, మూట, రేక. మృతుడు తూలడం చూసినవారు ఎవరూ లేరని రాశాను. వాసన పగిలిన సీసాది కావచ్చని రాశాను. కల్లు ఎవరికోసమో రాయలేదు. ఎస్సై సారు చదివి, "గిదేంది, నవల రాసినవ్?" అన్నారు. "ఉన్నదే రాసిన సార్" అన్నాను. ఆయన "నీ హిస్టరీ నా నెత్తికెక్కుతాంది" అని సంతకం పెట్టారు. చెడ్డమనిషి కాదు.

కాగితం మీద తాగుడు లేదు గానీ ఊరి నోట్లో ఉంది. ఊరు పంచనామాలు చదువుతుందా? తర్వాత ఒకసారి నల్లగొండ బస్టాండులో ఆమె కనిపించింది. నన్ను గుర్తుపట్టి దగ్గరికొచ్చింది. "మావోడు ఆయన ఫొటో గోడకు పెట్టనిస్తలేడు బిడ్డా. అల్మార్ల పెట్టిండు. తాగి సచ్చినోనికి దండెందుకు అంటడు." చెప్పెయ్యరాదా అవ్వా అన్నాను. ఆమె అటూ ఇటూ చూసి, ఎవరైనా విన్నారేమోనని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇంతలో బస్సు వచ్చింది, ఎక్కి వెళ్లిపోయింది.

మా కేసులు కోర్టు దాకా నత్తనడకన వస్తాయి. ఆమె వేసిన ఈ నష్టపరిహారం కేసూ అంతే, వచ్చేసరికి ఎస్సై సారు బదిలీ అయి వెళ్లిపోయారు, నేను అదే బల్ల దగ్గర ఉన్నాను. పంచనామా రాసిన మనిషిగా నన్ను సాక్ష్యానికి పిలిచారు. ఆమె, కొడుకు వెనక బల్ల మీద కూర్చున్నారు. కారు ఇన్సూరెన్సు వాళ్ల లాయరు లేచారు. వయసు నా అంతే ఉంటుంది, మాట మెత్తన.

"మీరేం చదివారు?"

"బి.ఏ. హిస్టరీ."

"డాక్టరు కాదు. మరి మృతుడు తాగలేదని ఎలా రాశారు?"

"తాగలేదని రాయలేదు సార్. తూలడం చూసినవారు లేరని రాశాను."

"చూసినవాళ్లు లేరని మీకెలా తెలుసు?"

"అందరినీ అడిగాను. అందరి మాటా ఒక్కరి దగ్గరికే పోయింది. ఆయన చూడలేదన్నారు."

లాయరు కాగితం తిప్పారు. డాక్టరు రిపోర్టు తాగుడు సంగతి ఎటూ తేల్చలేదు, ఆయనకు దొరికింది నా సీసా ఒక్కటే. "రెండు లీటర్ల కల్లు. పొద్దున పూట. తాగేవాడు కాకపోతే ఎందుకు తీసుకుపోతున్నాడు? ఎవరికోసం?"

ప్రమాణం చేసి బోనులో నిలబడ్డాను. అబద్ధం చెప్పను. తెలియదంటే అది అబద్ధమే. వెనక ఆమె ఉంది, చూడకపోయినా తెలుస్తూనే ఉంది. రాయకు బిడ్డా అన్న మాట ఒక పక్క, ఈ లాయరు మెత్తని మాట ఒక పక్క. గొంతు సవరించుకున్నాను. జడ్జిగారు నా వైపు తల ఎత్తారు.

"నాకోసమే సారూ."

ఆమె లేచి నిలబడింది. బంట్రోతు కూర్చోమని సైగ చేశాడు, ఆమె కూర్చోలేదు. "నేనే తెమ్మన్న. ఆయన వద్దన్నడు, నేనే తోలిన. ఆయన చుక్క ముట్టలే గాపొద్దు. గీ బిడ్డకు అందరికన్న ముందే తెలుసు. నేనే రాయకుమన్న."

జడ్జిగారు కసరలేదు. నీ వంతు వచ్చినప్పుడు చెబుదువుగానీ, కూర్చో అమ్మా అన్నారు. ఆమె వంతు ఆ రోజే వచ్చింది. చేతులు కట్టుకుని మళ్లీ అంతా చెప్పింది, ఒక్క మాట మారకుండా. ఈసారి పది నోళ్లు కాదు, ఒక్క నోరే. టైపిస్టు టకటకా కొట్టుకుంటూ పోయాడు. కొడుకు ఆ సేపంతా తన చెప్పుల వైపు చూస్తూ కూర్చున్నాడు.

బయట మెట్ల మీద వాళ్లు కనిపించారు. కొడుకు నీళ్ల సీసా తెచ్చి, మూత తీసి తల్లి చేతికిచ్చాడు. కింది మెట్టు మీద కూర్చున్నాడు. "అమ్మా, బాపు ఫొటో గా అల్మార్లనే ఉన్నదా?" అని అడిగాడు. "ఆడ్నే ఉన్నది" అంది ఆమె. తీర్పు వాళ్ల వైపే వచ్చిందని తర్వాత విన్నాను. విన్నాను అంతే, కాగితం నేను చూడలేదు.

ఆ రోజు నేను మెట్లు దిగి వెళ్లబోతుంటే ఆమె పిలిచింది. "బిడ్డా, రాసుకున్నరా వాళ్లు?"

"రాసుకున్నరు అవ్వా. నేను జూసిన."

"ఏమని?"

"భార్య కోరగా ఆమె కోసం కల్లు తీసుకుపోవుచుండగా అని."

"గంతేనా?"

"గంతే."

ఆమె నీళ్ల సీసాను ఒడిలో పెట్టుకుని ఆలోచించింది. "నడుము నొప్పని రాయలేదా? గది గూడ చెప్పిన గద. ఊకెనే తాగబుద్ధయి పంపిందనుకుంటరు."

లోపలికి వెళ్లి చెప్పలేను. కోర్టు కాగితంలో మాట చేర్చమని అడగడానికి నేనెవరిని? సరే చూస్తానవ్వా అన్నాను. స్టేషన్‌కు వచ్చాను, ఆ సాయంత్రం ఇంకో పంచనామా రాశాను. ఏడుపు రాలేదు.

ఆ ఒక్క సంగతి ఏ కాగితంలోనూ లేదు. ఆమె చెబితే విన్నాను, ఆమె కంటే బాగా తెలిసినవాళ్లు ఎవరూ లేరు. అందుకని ఇక్కడ రాస్తున్నాను. ఆ రోజు ఆమెకు నడుము నొప్పిగా ఉంది. వంగి పత్తి ఏరలేకపోయింది.